ఐదున్నరకి దిగే పెద్దాయన

డెట్రాయిట్ పక్కన మా ట్రాయ్‌లో శనివారాలు ఎవరింట్లోనో ఒకరింట్లో భోజనాలకి కలుస్తాం. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నా చుట్టూ చేరి, "ఆంటీ, మీ సర్వీసంతటిలో బాగా భయపడిన రోజేది?" అని అడుగుతుంటారు. లేఆఫ్‌ల కథేదో చెబుతానని వాళ్ళ ఆశ. నేనూ అదే చెప్పేదాన్ని. మా ఫ్లోర్‌లో ఒకే పొద్దున పదకొండు మంది అట్టపెట్టెలు పట్టుకుని లిఫ్ట్ దగ్గర నిలబడ్డ సంగతి చెప్పి, ఇంకొంచెం పులిహోర వడ్డించి, అక్కణ్ణించి లేచిపోయేదాన్ని.

అసలు రోజు అది కాదు. రిటైరై నాలుగు నెలలైంది, ఇక దాచుకుని ఏం చేసుకోను? పేర్లు రాయను. ఊరి పేరు కూడా రాయను, రాస్తే ఆ ఇల్లు ఇట్టే తెలిసిపోతుంది. చదివి నన్ను తిట్టుకోండి, ఫర్వాలేదు. మధ్యలో మాత్రం ఆపకండి.

నేను ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంజనీర్‌ని. గుంటూరులో చదివి, హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు పనిచేసి, అది మూతపడితే నలభై ఆరేళ్ళకి హెచ్‌వన్ వీసా మీద ఇక్కడికి వచ్చినదాన్ని. ఆ వయసులో వచ్చి కుర్రాళ్ళతో పోటీ ఏమిటని నవ్వినవాళ్ళున్నారు. నవ్వితే నవ్వారు, నేను తయారుచేసిన గ్యాస్ సెన్సర్లు వాళ్ళ కార్లలోనే తిరిగాయి. మా ఆయన బ్యాంకు ఉద్యోగం మానేసి నా వీసా మీద డిపెండెంట్‌గా వచ్చాడు. వంటా ఇల్లూ ఆయనదే. నలుగురిలో "నేను హౌస్‌వైఫ్‌నండీ" అని తనే చెప్పి నవ్వించేవాడు.

2009 సంగతి ఇది. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలన్నీ కుదేలైన ఏడాది. కార్లకి సెన్సర్లు అడిగే నాథుడు లేడు. మా కంపెనీ బతకడానికి కొత్త దారులు వెతికింది. వైన్ తయారుచేసే చోట ద్రాక్షరసం పులిసేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. చిన్నప్పుడు స్కూల్లో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నామే, అదే. గాలికంటే బరువు కాబట్టి కింద పేరుకుంటుంది. నేలమాళిగలోకి దిగిన మనిషి రెండు మూడు శ్వాసల్లో పడిపోవచ్చు. ఆ గ్యాస్‌ని కనిపెట్టి, బాగుంటే గ్రీన్ లైట్, ప్రమాదమైతే రెడ్ లైటూ సైరనూ ఇచ్చే పరికరం మేం చేశాం. మేం అంటే నేనూ, సాఫ్ట్‌వేర్ రాసిన కరీంనగర్ అమ్మాయీ. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. నన్ను అక్కా అనేది.

మొదటి ట్రయల్‌కి ఒప్పుకున్నది జపాన్‌లో కొండల మధ్య ఉన్న ఒక ఊరు. అక్కడ నూరేళ్ళకి పైగా వైన్ చేస్తున్నారు. సెప్టెంబర్ మొదట్లో, ద్రాక్ష కోతల ముందు, పరికరం పట్టుకుని నన్ను పంపారు.

టోక్యో నుంచి రైలు. సొరంగాల తర్వాత సొరంగాలు. చివరి సొరంగం దాటగానే కింద పళ్ళెంలాంటి లోయ, దాని అంచుల నిండా ద్రాక్షతోటలు. అక్కడ తీగల్ని మన బీరపాదుల్లాగే పందిళ్ళ మీదికి పాకిస్తారు. హైదరాబాద్ పక్కన ద్రాక్షతోటలు చూసినదాన్ని కదా, ఆ పందిళ్ళ కిందికి వెళ్ళగానే నా వాళ్ళింటికి వచ్చినట్టే అనిపించింది. లేత గులాబి రంగు గుత్తులు. వాన పడకుండా ఒక్కో గుత్తికీ ఒక్కో మైనపు కాగితం గొడుగు. చేత్తో ఒక్కోటీ తొడుగుతారట. "వీళ్ళకి ఇంత ఓపికేమిట్రా బాబూ" అని పైకే అనేశాను. ఎవరికి అర్థమవుతుంది గనక?

వైనరీ ఒక కుటుంబానిది. పెద్దాయనకి డెబ్బై ఒకటి. ఆయన కోడలు కాలిఫోర్నియాలో చదువుకుంది కాబట్టి ఇంగ్లిష్ వచ్చు, మా ఇద్దరికీ మధ్య మాట ఆమెదే. కొడుకు వారమంతా పట్నంలో ఉద్యోగం. వెళ్ళగానే పెద్దాయన నాకు టీ కప్పులో వైన్ పోసిచ్చాడు. ఆ ఊళ్ళో రైతులు వైన్‌ని పెద్ద సీసాల్లోంచి టీ కప్పుల్లోకి వంచుకుని తాగుతారట. నేను తాగనంటే ఆయన మొహం చిన్నబుచ్చుకోలేదు, లోపలికి వెళ్ళి అదే కప్పు నిండా ద్రాక్షపళ్ళు తెచ్చి పెట్టాడు.

మర్నాడు తెల్లవారి ఐదున్నరకి నేలమాళిగ చూపిస్తానన్నాడు. రోజూ ఆ వేళకే ఆయన ఒక్కడే దిగుతాడు. పీపాలకి చెవి ఆనించి రసం ఎలా పులుస్తోందో వింటాడు. ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్ ఒకటి చేతిలో పట్టుకుని ముందు ఆయన, వెనక నేను. ఇటుకల మెట్లు, చెమ్మ. ముందుగా కోసిన ద్రాక్ష కొంచెం అప్పటికే పులుస్తోంది. తొమ్మిదో మెట్టు దగ్గర నా ముక్కు చురుక్కుమంది. కొవ్వొత్తి మంట చిన్నదైపోయి, నీలంగా మారి, వత్తిని పట్టుకుని వేలాడింది. పెద్దాయన కంగారేమీ లేకుండా వెనక్కి తిరిగి, చేత్తో పైకి అని సైగ చేసి ఎక్కేశాడు. తలుపులు తీసిపెట్టి, అరగంట ఆగి మళ్ళీ దిగాం. యాభై ఏళ్ళుగా ఆయన పద్ధతి అదే. మా వైపు కూడా పాతబావిలో పూడిక తీయడానికి దిగేముందు లాంతరు దించి చూసేవాళ్ళని కోడలితో చెప్పాను. ఆమె మామగారికి చెబితే ఆయన చాలాసేపు తల ఊపాడు.

మూడు రోజుల్లో పరికరం బిగించాను. మెట్ల దగ్గర మోకాలి ఎత్తులో ఒక సెన్సర్, అడుగున ఒకటి, పైన తలుపు మీద లైట్లు. పరీక్షకి గ్యాస్ వదిలితే సైరన్ ఊరంతా వినిపించింది. పెద్దాయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత కొవ్వొత్తి స్టాండ్ చేతిలోకి తీసుకుని కోడలితో ఏదో అన్నాడు.

"ఇక ఇది తీసుకెళ్ళక్కర్లేదా అని అడుగుతున్నారు" అంది ఆమె.

నేను చాలా గర్వంగా, గుంటూరు మనిషిని కదా, గొంతు పెంచి మరీ చెప్పాను. "అక్కర్లేదు. మా లైట్ చాలు."

బయల్దేరే రోజున ఆయన ఆ స్టాండ్‌ని గుడ్డలో చుట్టి రెండు చేతులతో నాకిచ్చాడు. జ్ఞాపకంగా ఉంచుకోమన్నాడు. వద్దంటే బాగుండదని తెచ్చుకుని, ట్రాయ్‌లో నా టేబుల్ మీద కంప్యూటర్ పక్కన పెట్టుకున్నాను. వచ్చిన వాళ్ళందరికీ దాని కథ చెప్పుకున్నాను కూడా.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి. భయపడకండి, చిన్నదే. ఏ సెన్సరైనా రోజులు గడిచేకొద్దీ కొంచెం దారి తప్పుతుంది. అందుకని మా పరికరానికి నేనొక అలవాటు నేర్పాను. వారానికోసారి అది వెనక్కి చూసుకుంటుంది. ఆ వారంలో తనకి తగిలిన అన్ని గాలుల్లోకీ తక్కువ గ్యాస్ ఉన్నదేదో చూసి, "మంచిగాలి అంటే ఇదే" అనుకుని తనని తాను దిద్దుకుంటుంది. కార్లలో, ఆఫీసుల్లో ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. మనుషులు లేని వేళ అక్కడ గాలి ఎలాగూ శుభ్రపడుతుంది కదా. ఈ ఉపాయానికి కంపెనీలో నాకు మంచి పేరొచ్చింది. నేను ఎవరికి ఏం నేర్పినా ఇది మాత్రం నా బిడ్డ అన్నట్టు మాట్లాడేదాన్ని.

జపాన్ వెళ్ళేముందు మీటింగ్‌లో కరీంనగర్ అమ్మాయి అడిగింది. "అక్కా, కోతల టైంల ఆ సెల్లార్‌ల వారమంతా మంచిగాలి రాకపోతే? అది చెడుగాలినే మంచిగాలి అనుకుంటది గదా. ఆ ఆప్షన్ బంద్ చేద్దామా?"

అందరి ముందూ అడిగిందన్న ఉక్రోషం నాకు. "తలుపులు తీస్తారు తల్లీ, గాలి ఆడుతుంది. ప్రతిదానికీ అడ్డం పడకు" అన్నాను. అమ్మాయి నోరు మూసుకుంది. నా మీది మొహమాటంతో మూసుకుంది, నా మాట నమ్మి కాదు.

తలుపులు తీసేవాళ్ళే. కొవ్వొత్తి నీలంగా మారినప్పుడు తీసేవాళ్ళు. ఇప్పుడు గ్రీన్ లైట్ వెలుగుతుంటే తలుపులెందుకు తీస్తారు? చలి లోపలికి రాకూడదని మూసే ఉంచుతారు.

అక్టోబర్‌లో ఒక గురువారం. ఆ పొద్దున కోడలి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. కోతలు ముమ్మరంగా సాగుతున్నాయట, పీపాలన్నీ నిండాయట. మామగారు రోజూ పొద్దున్నే గ్రీన్ లైట్‌కి వందనం చేసి మరీ దిగుతున్నారట. ఈ మధ్య కొంచెం తలనొప్పి అంటున్నారు, వయసు కదా అని రాసింది. నేను "విశ్రాంతి తీసుకోమనండి" అని ఒక వాక్యం కొట్టి పంపేశాను. జపాన్ నుంచి రోజూ వచ్చే రీడింగ్‌లు చూస్తే గీత ఎగుడుదిగుళ్ళు లేకుండా నున్నగా ఉంది. చూసుకుని మురిసిపోయాను.

మధ్యాహ్నం మూడు ముప్పావుకి కరీంనగర్ అమ్మాయి నా టేబుల్ దగ్గరికి వచ్చింది. చేతిలో గ్రాఫ్ ప్రింటు.

"అక్కా, బయట గాలిల ఎంత గ్యాస్ ఉంటదో లోపల గూడ అంతే చూపిస్తుంది."

"మంచిదేగా."

"పీపాలన్నీ నిండినయని గదా ఆమె రాసింది? అన్ని పీపాలు పులుస్తుంటే లోపల బయటి గాలే ఎట్ల ఉంటదక్కా?"

నేను కాగితం వైపు చూశాను. వారం వారం ఆ గీత కొద్దికొద్దిగా కిందికి జారింది. మూడు వారాలుగా మా పరికరం ఊపిరాడని గాలిని మంచిగాలి అని నేర్చుకుంటూ వచ్చింది. నేనే నేర్పాను. తలనొప్పి వయసుది కాదు.

టేబుల్ మీద ఆ ఇత్తడి స్టాండ్ ఉంది. ఆ మనిషి దగ్గరున్న ఒక్క రక్షణనీ నేను మోసుకొచ్చి నా టేబుల్ మీద అలంకారంగా పెట్టుకున్నాను.

అక్కడికీ మాకూ పదమూడు గంటల తేడా. మా మూడు ముప్పావు అంటే వాళ్ళకి మర్నాడు తెల్లవారుజాము నాలుగు ముప్పావు. ఆయన ఐదున్నరకి దిగుతాడు.

పరుగున మేనేజర్ గదికి వెళ్ళాను. మంచివాడే. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇంటికి పూలు పంపినవాడు. నేను చెప్పింది విని ఆయన లేచి తలుపు మూశాడు.

"నువ్వు ఖచ్చితంగా చెప్పగలవా?"

"చెప్పగలను."

"వాళ్ళతో ఎవరూ మాట్లాడొద్దు. ముందు లాయర్లకి చెప్పాలి. మెయిల్ రాయొద్దు, ఫోన్ చేయొద్దు. తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. సోమవారం కూర్చుని చూద్దాం."

"ఆయన ఇంకో గంటలో దిగుతాడు."

"మూడు వారాలుగా దిగుతున్నాడు కదా" అన్నాడు. తర్వాత మెల్లగా, కళ్ళు తిప్పుకుని, "ఈ ప్రాజెక్టు పోతే మన గ్రూపే ఉండదు. నీ గ్రీన్ కార్డ్ ఫైలూ ఈ ఉద్యోగం మీదే ఉంది. ఆలోచించు" అన్నాడు. బెదిరింపు కాదది. ఆయన ఉద్యోగమూ ఆ గ్రూపులోదే.

వచ్చే నెలలో మా ఆయనకి గుండె వాల్వ్ ఆపరేషన్. డేటు ఇచ్చారు. ఇన్సూరెన్స్ నా ఉద్యోగం మీద. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఇద్దరం పెట్టెలు సర్దుకోవాలి, ఆ గుండెతో ఆయన అంత దూరం విమానం ఎక్కగలడో లేదో డాక్టరే చెప్పలేనన్నాడు. ఇదంతా మీకు సాకులా అనిపించొచ్చు. సాకే. అయినా నిజమే.

నాలుగూ ఐదు నిమిషాలకి నా సీట్లో కూర్చున్నాను. నాలుగూ నలభై ఐదు దాకా కూర్చున్నాను. నలభై నిమిషాలు. ఈ నలభై నిమిషాల కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఏం చేశానో చెప్పనా? కోడలి విజిటింగ్ కార్డు డ్రాయర్‌లోంచి తీసి, మళ్ళీ లోపల పెట్టాను. బాత్రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కున్నాను. కాగితాలు సర్దాను. నిన్న దిగాడు, మొన్న దిగాడు, ఏమీ కాలేదు, ఇవాళ మాత్రం ఏమవుతుంది అనుకున్నాను. మేనేజర్ పెద్దవాడు, ఆయన చూసుకుంటాడు అనుకున్నాను. తర్వాత ఫోన్ తీశాను. తీసి ఎవరికి చేశాను? మా ఆయనకి.

"ఏమే, ఈ వేళప్పుడు?" అన్నాడు.

"ఊరికే. మందు వేసుకున్నారా?"

"వేసుకున్నా. కాకరకాయలు తెచ్చా. పులుసు పెట్టనా, వేపుడు చేయనా?"

"వేపుడు చేయండి" అన్నాను.

ఎదురుగా గోడ మీద గడియారం. నాలుగున్నర అయింది. ముల్లు నాలుగున్నర దాటడం నేను చూశాను. కదల్లేదు. ఆయన ఇప్పుడు తలుపు తీసి, లైట్‌కి వందనం పెట్టి, మొదటి మెట్టు మీద కాలు పెడుతున్నాడని నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను.

కరీంనగర్ అమ్మాయి కాఫీ తెచ్చుకోవడానికి వెళ్తూ నన్ను చూసి ఆగింది. "అక్కా, ఫోన్ చేసిన్రా? ఏమన్నరు?"

"మేనేజర్ చూసుకుంటారంట. సోమవారం."

ఆ అమ్మాయి చేతిలో కప్పు కింద పెట్టేసింది. "సోమవారమా? అక్కా, మీకేమైనా అయిందా? ఆ ముసలాయన సచ్చిపోతడు!" ఆఫీసంతా వినబడేట్టు అరిచింది. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలుగు రాదు కాబట్టి అందరూ ఊరికే తలలెత్తి చూశారు.

ఆ అరుపుతో నాకు కాళ్ళు వచ్చాయి. డ్రాయర్‌లోంచి కోడలి కార్డు తీసుకుని ఇద్దరం పార్కింగ్ లాట్‌లోకి పరుగెత్తాం. ఆఫీసు ఫోన్లలోంచి విదేశాలకి కాల్ చేయాలంటే మేనేజర్ కోడ్ కావాలి. నా పర్సులో ఇండియన్ స్టోర్‌లో కొన్న కాలింగ్ కార్డు ఉంది, మా చెల్లెలితో మాట్లాడటానికి కొన్నది. పిన్ కొట్టాను. తప్పు పిన్ అంది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ తప్పే. అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తను కొట్టింది. జపాన్‌కైతే ఆరు నిమిషాలు మాట్లాడొచ్చని కార్డు చెప్పింది.

రింగ్. రింగ్. రింగ్. ఐదో రింగుకి కోడలు ఎత్తింది, నిద్ర గొంతుతో.

"మామగారెక్కడ?" అని అరిచాను. నమస్కారం లేదు, పరిచయం లేదు.

"కింద. ఇందాకే దిగారు. లైట్ గ్రీన్‌గానే..."

"లైట్ అబద్ధం! కింద గ్యాస్ ఉంది. తలుపులన్నీ తెరువు, ఫ్యాన్లు వెయ్యి, ఫైర్ వాళ్ళకి ఫోన్ చెయ్యి. నువ్వు మాత్రం దిగొద్దు. వింటున్నావా? ఆయన కనబడ్డా సరే, దిగొద్దు. దిగితే నువ్వూ పడిపోతావు."

ఆమె ఏదో అంది, జపనీస్‌లో. ఫోన్ ఎక్కడో పడేసిన చప్పుడు. తర్వాత పరుగు. ఇనుప తలుపు గోడకి కొట్టుకున్న మోత. ఆమె పిలుస్తోంది. నాన్నగారూ అనే మాట నాకు తెలుసు, ఆ మూడు రోజులూ విన్నాను. పిలుస్తూనే ఉంది, జవాబు రావట్లేదు.

ఫోన్ చెవికి నొక్కుకుని కారు బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాను. దిగకు తల్లీ, దిగకు అని తెలుగులో గొణుగుతున్నాను. కరీంనగర్ అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్క నిమిషం మిగిలిందని కార్డు గొంతు చెప్పింది, హాయిగా, తీరిగ్గా. ఆ గొంతు వెనకాల ఆమె ఇంకా పిలుస్తోంది. కాల్ కట్ అయింది.

అమ్మాయి తన కార్డుతో మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ, మళ్ళీ. గంటన్నర ఆ పార్కింగ్ లాట్‌లో నిలబడ్డాం. ఉద్యోగం, వీసా, ఆపరేషన్ ఏవీ గుర్తు రాలేదు. ఆమె దిగిందా లేదా అన్న ఒక్కటే. ఒకరిని చంపానా, ఇద్దరినా అని లెక్క వేస్తున్నాను. దేవుడా, ఆమె మాత్రం దిగి ఉండకూడదు అని మొక్కాను. ఆ పెద్దాయన్ని అప్పటికే వదిలేసుకున్నానన్నమాట.

ఆరున్నర ప్రాంతంలో ఆమే ఫోన్ చేసింది. దిగలేదు. తలుపు చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిందట, పట్టు వదిలితే దిగిపోతానని. ఫైర్ వాళ్ళు మాస్కులు పెట్టుకుని దిగి ఆయన్ని తెచ్చారు. మెట్ల సగంలోనే కూలబడ్డాడు కాబట్టి ఊపిరి ఉంది. ఇంకో నాలుగు మెట్లు దిగి ఉంటే ఉండేది కాదన్నారట.

"మీరు మా మామగారి ప్రాణం కాపాడారు" అని ఏడ్చింది.

అప్పుడు చెప్పాల్సింది. నాకు గంట ముందే తెలుసమ్మా, నేను కూర్చున్నానమ్మా అని చెప్పాల్సింది. "దేవుడి దయ" అన్నాను.

తర్వాత జరిగింది మీకు ఊహకి అందదు. లాయర్లు వచ్చారు, మాట్లాడారు, వెళ్ళారు. ఆ అలవాటుని పరికరంలోంచి తీసేశాం. ఆ కుటుంబం కేసు పెట్టకపోగా కంపెనీకి కృతజ్ఞత చెబుతూ ఉత్తరం రాసింది. వేల మైళ్ళ దూరంలో కూర్చుని గ్రాఫ్ చూసి ఒక ప్రాణం నిలబెట్టిన ఇంజనీర్ అని మా వాళ్ళు నాకు సన్మానం చేశారు. కేకు కోయించారు. మేనేజర్ చప్పట్లు కొడుతూ నా కళ్ళలోకి చూడలేదు, నేనూ ఆయన కళ్ళలోకి చూడలేదు. మా ఆయన ఆపరేషన్ బాగా జరిగింది. గ్రీన్ కార్డూ వచ్చింది. భయపడ్డవన్నీ ఒక్కొక్కటీ జరగకుండా పోయాయి.

పెద్దాయన మాత్రం బాగవలేదు. మెదడుకి ప్రాణవాయువు అందని ఆ కాసేపట్లో చాలా పోయింది. నడక పోయింది, మాటలు చాలామటుకు పోయాయి. పీపాకి చెవి ఆనిస్తే ఏం వినాలో తెలియకుండా పోయింది. కోడలు ఏటా కోతలయ్యాక ఒక కార్డు రాసేది. అందులో ఫిర్యాదు ఒక్క ముక్క ఉండేది కాదు. ఆ కవరు చూస్తే నాకు జ్వరం వచ్చినట్టుండేది.

కరీంనగర్ అమ్మాయి మరుసటేడు షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు నన్ను పట్టుకుని, "అక్కా, మీటింగ్‌ల నేను ఇంకోసారి గట్టిగ చెప్పాల్సింది. తప్పు నాదే" అని ఏడ్చింది. నీది కాదు తల్లీ, నోరు మూయించింది నేను అనాలి కదా. వీపు నిమిరి, "పోనీలే" అన్నాను. ఎంత పెద్దమనిషి తరహా! అలా క్షమించేసి పంపాను ఆ పిల్లని.

పిల్లలూ, మీకు నేను చెప్పగలిగింది ఒకటే. భయపడొద్దని చెప్పను, అది నాకు చేతకాలేదు. వీసా మీద బతికే వాళ్ళకి భయం ఊపిరిలాంటిది. భయపడండి, కాళ్ళు వణకనివ్వండి, ఏడవండి. ముందు ఆ ఫోన్ చేసి, తర్వాత భయపడండి. మీకంటే చిన్నవాళ్ళు మీటింగ్‌లో ప్రశ్న అడిగితే, అది మీకు గుచ్చుకుంటే, ఆ గుచ్చుకున్న చోటే తప్పుండొచ్చని ఒక్క క్షణం ఆగండి.

రిటైరైన వారానికి కోడలికి ఉత్తరం రాశాను. మూడు పేజీలు. ఎప్పుడు తెలిసింది, ఎవరితో ఏం మాట్లాడాను, గోడ మీద ముల్లు దాటుతుంటే ఎలా చూస్తూ కూర్చున్నాను, మా ఆయనకి కాకరకాయ వేపుడు చేయమన్నదాకా అంతా రాశాను. మా ఆయన చదివి, తనే తీసుకెళ్ళి పోస్ట్ చేసి వచ్చాడు. తిడుతుందనుకున్నాను. కేసు పెట్టినా సిద్ధమే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఎక్కడో లోపల, ఫర్వాలేదు అంటుందేమో అని కూడా ఆశపడ్డాను.

నెల తర్వాత జవాబు వచ్చింది. చక్కటి చేతిరాత, అరపేజీ.

"మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా మామగారికి చదివి వినిపించలేదు. ఆయన ఇప్పుడు గుర్తుపట్టే మనుషులు నలుగురు, అందులో మీరొకరు. రోజూ లేవగానే కుర్చీని మీ దేశం వైపు తిప్పమంటారు. మీకు తలవంచి, అప్పుడే తిండి ముట్టుకుంటారు. ఆయనకి మిగిలింది అదొక్కటే, దాన్ని నేను తీసెయ్యలేను. కుర్చీ తిప్పేది నేనే. నిన్నటిదాకా ఇష్టంగా తిప్పాను. దయచేసి ఇక మాకు రాయవద్దు."

నేను మళ్ళీ రాయలేదు.